ఎర్రనీరొచ్చిన వారం: గోదారి జిల్లాల్లో హోటల్ భోజనాలు

మొదటి రోజు – రాజమండ్రి

గౌతమి ఎక్స్‌ప్రెస్ కొవ్వూరు దాటేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. రైలు ఆర్చి వంతెన ఎక్కిన చప్పుడుకి బోగీలో సగం మంది లేచి కూర్చున్నారు. ఎదురు బెర్తు పెద్దావిడ కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల తీసి, కిటికీ ఊచల మధ్య నుంచి విసిరి దణ్ణం పెట్టుకుంది. కింద గోదారి చిక్కటి టీ రంగులో ఉంది. ఎర్రనీరు వచ్చేసింది. శ్రావణం ఆఖరి వారం.

హైదరాబాదులో మా ఇంటి నుంచి ఆఫీసుకి వెళ్లే దారిలో పేరులో ‘గోదావరి’ ఉన్న హోటళ్లు ఐదున్నాయి. ఐదింటిలోనూ గుమ్మం దగ్గర ఒక బండి చక్రం, గోడ మీద పడవ బొమ్మ, మెనూలో రాజుగారి కోడి పులావు. గోదారోళ్లు బయట తినాలనుకుంటే ఎక్కడికి వెళ్తారు, ఏం తింటారు అన్నది చూసొద్దామని బయల్దేరాను. తమ్ముడు ఉద్యోగరీత్యా రాజమండ్రిలో ఉంటాడు. కారు వాడిది, పెట్రోలూ బిల్లులూ నావి.

పొద్దున టిఫిన్ కోటిపల్లి బస్టాండు వైపు ఒక చిన్న హోటల్లో. పెసరట్టు, లోపల ఉప్మా, పక్కన అల్లం పచ్చడి. పెసరట్టు అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, పచ్చిమిర్చి ముక్క పంటికింద పడేలా ఉంది. అల్లం పచ్చడిలో బెల్లం కాస్త ఎక్కువ. ఇక్కడ అది తప్పు కాదు. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు, బావుంది.

మధ్యాహ్నం తమ్ముడు ఏవీ అప్పారావు రోడ్డు వైపు కొత్తగా తెరిచిన పెద్ద రెస్టారెంటుకి తీసుకెళ్లాడు. మూడంతస్తులు, కింద పిల్లలకి జారుడుబల్ల, మెట్ల దగ్గర ఫొటోలు దిగడానికి నాటుపడవ. మెనూ పుస్తకం మా చిన్నప్పటి వాచకమంత ఉంది. కుండ బిర్యానీ, పొట్లం బిర్యానీ, ఉలవచారు బిర్యానీ, పనసపొట్టు బిర్యానీ. శ్రావణంలో పనసపొట్టు ఏంటి? పనసకాయని కూరకి మాఘంలోనో ఫాల్గుణంలోనో లేతగా ఉన్నప్పుడు కత్తితో సన్నగా కొట్టి అమ్ముతారు. వడ్డించే కుర్రాణ్ణి అడిగితే మొహమాటపడకుండా చెప్పాడు: “ఫ్రిజ్‌లో పెట్టిందేనండి. అప్పుడు కొట్టించి స్టాకు పెట్టుకుంటారండి.” నిజాయితీకి మెచ్చి అదే చెప్పాను. ఆవ ఘాటు సరిపోయింది గానీ పొట్టు పీచుపీచుగా నలిగి మసాలాలో ఎక్కడుందో తెలీకుండా పోయింది.

అన్నం చూసి ఇంకో ప్రశ్న వేశాను. “ఏం బియ్యం వాడతారు బాబూ?”

“బాస్మతేనండి.” ఇంకేం వాడతారు అన్నట్టు చూశాడు.

అప్పట్నుంచి ఆ నాలుగు రోజులూ ప్రతిచోటా అదే ప్రశ్న అడిగాను. తమ్ముడు చివరికి నా పేరు ‘బియ్యం ఇన్‌స్పెక్టర్’ అని పెట్టాడు. ఆంధ్ర దేశానికి అన్నం పెట్టే నేల ఇది. ఇక్కడి హోటల్లో ఉత్తరాది బియ్యం తినడం నాకెందుకో మామిడితోపులో కూచుని జామ్ నాకినట్టు అనిపించింది. తమ్ముడికి అలా ఏమీ అనిపించలేదు. ఇంట్లో రోజూ తినేది మళ్లీ డబ్బిచ్చి ఎవరు తింటారే అన్నాడు.

ఎండ దిగాక పాత ఊళ్లోకి నడిచాం. రాజమండ్రి రోజ్‌మిల్క్ దగ్గర ఎప్పటిలాగే జనం. ఆ గ్లాసు గులాబీరంగు పాలలో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు, వాళ్లు కనిపెట్టనూ లేదు. చల్లగా, చిక్కగా, తాగిన పది నిమిషాల దాకా నోట్లో రోజా వాసన. తర్వాత పుష్కరఘాట్ మెట్ల మీద కూర్చుని నీళ్లు చూశాం. నీటిమట్టం కింది మెట్లు మింగేసింది. పక్కనే బండి మీద టమాటా బజ్జీ: టమాటాని కోసి, లోపల ఉల్లిపాయ, నిమ్మరసం, కారప్పూస కూరి ఇచ్చాడు. ఒక్కటి చాలనుకుని రెండు తిన్నాను.

రాత్రి మండీ, అంటే మాంసంతో అన్నం కలిపి పెద్ద పళ్లెంలో వడ్డించే అరబ్బు వంటకం. ఇదే అసలు విషయమని ఆ పూట అర్థమైంది. పొడుగాటి హాల్లో నేలమీద పరుపులు, ఒకే పెద్ద పళ్లెం చుట్టూ ఐదారుగురు. పుట్టినరోజు కేకు కోస్తున్న ఇంజినీరింగు పిల్లలు ఒక పక్క, పెళ్లిచూపుల తర్వాత రెండు కుటుంబాలనుకుంటా మరో పక్క. ఎక్కడా నాలాంటి ఊరి బయటి మొహం లేదు. మధ్యాహ్నం ‘గోదావరి రుచుల’ దగ్గర పార్కింగులో టీజీ నంబరు బళ్లే సగం. ఇక్కడ ఒక్కటీ లేదు. చికెన్ జోడీ మండీ బాగా ఉడికింది, పైన జీడిపప్పు ఎండుద్రాక్ష మరీ ఎక్కువ. మండీలో మాత్రం బాస్మతి ఉండాల్సిందే, అది ఒప్పుకుంటాను.

రెండో రోజు – ఆత్రేయపురం, అంబాజీపేట, అమలాపురం

ఆరింటికే బయల్దేరాం. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మీద నుంచి బొబ్బర్లంక వైపు. ఆర్థర్ కాటన్ పాత ఆనకట్టని 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ఇప్పుడు మనం బండి తోలేది 1982 నాటికి పూర్తయిన బ్యారేజీ మీద. గేట్లన్నీ ఎత్తేసి ఉన్నాయి, నీళ్ల హోరుకి కారు అద్దాలు దించితే మాట వినపడదు. ఈ జిల్లాల వాళ్లు కాటన్‌కి ఇంకా పూలదండలు వేస్తారు. తిన్న అన్నం అలాంటిది.

ఆత్రేయపురంలో కాలవగట్టు రోడ్డు పొడుగునా పూతరేకుల కొట్లే. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చాక బోర్డులన్నిటి మీదా ఆ మాట చేరింది. ఒక కొట్టు వెనక వసారాలో ఒకావిడ రేకులు తీస్తోంది. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. మెత్తగా రుబ్బిన బియ్యప్పిండిని పల్చగా కలిపి, గుడ్డ ముంచి, కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతుంది. రెండు క్షణాల్లో రేకు లేస్తుంది. కాయితం కూడా అంత పల్చగా ఉండదు. మంట కాస్త ఎక్కువైతే రేకు మాడి చిల్లు, తగ్గితే కుండకి అంటుకుపోతుంది.

“ఏం బియ్యం అండీ?”

“జయ బియ్యం అమ్మా. సన్నబియ్యం పనికిరాదు, రేకు రాదు.” అడిగినందుకు సంతోషించినట్టే కనిపించింది.

కొట్లో చాక్లెట్ పూతరేకు ఉంది. చక్కెర లేని పూతరేకు కూడా ఉంది. చాక్లెట్‌ది ఒకటి కొని సగం తిని తమ్ముడికి ఇచ్చేశాను, వాడు దాన్ని డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. అది సాయంత్రానికి అక్కడే కరిగింది. బెల్లం, నెయ్యి, జీడిపప్పు వేసింది మాత్రం నాలుక మీద పెట్టగానే రేకు మాయమై నెయ్యి వాసన ఒక్కటే మిగిలింది.

టిఫిన్‌కి అంబాజీపేట చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. పొట్టిక్కలు అయిపోతాయేమోనని ప్రాణం కొట్టుకుంది. రావులపాలెంలో అరటిగెలల లారీలు అడ్డం పడకపోతే అరగంట ముందే వచ్చేవాళ్లం. అదృష్టం, ఆఖరి వాయి దింపుతున్నారు. నాలుగు పనసాకులు పుల్లలతో కుట్టి గిన్నెలా చేస్తారు, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద పెడతారు. పొట్టిక్క అంటే అంతే. ఆకు ఊడదీస్తుంటే ఈనెల అచ్చు ఇడ్లీ మీద పడి ఉంటుంది. ఆ పచ్చి పనసాకు వాసన పిండిలోకి దిగి ఉంటుంది. మామూలు ఇడ్లీకీ దీనికీ ఉన్న తేడా అంతా ఆ వాసనే. కొబ్బరి పచ్చడి గురించి వేరే చెప్పాలా, ఊరే కొబ్బరికాయల మార్కెట్టు. ఆ హోటలుకి పేరు బోర్డు కూడా సరిగ్గా లేదు. బల్లలు నాలుగు. ఇంకో పూట ఉంటే మళ్లీ అక్కడికే వెళ్లేదాన్ని.

అమలాపురంలో మా పిన్ని. కోనసీమ వంటంటే మా బంధువుల్లో ఆవిడ పేరే చెప్తారు. మేం వస్తున్నామని ఏదో వండి ఉంటుందనుకుంటే, చీర కట్టుకుని గుమ్మంలో రెడీగా ఉంది.

“ఏమ్మా, కొత్త రెస్టారెంటు పెట్టారంట కదా, తీసుకెళ్లవా?”

“శ్రావణం కదా పిన్నీ, నువ్వు నీచు ముట్టవు.”

“పన్నీరు మండీ ఉంటుందంట లేవే. పక్కింటి వాళ్లు తిన్నారు.”

మాటల్లేవు. ఊరి చివర కొబ్బరితోటని కొట్టి కట్టిన హాలు అది. మిగిలిన కొబ్బరిచెట్లకి రంగురంగుల దీపాలు చుట్టారు. మా పక్క బల్ల హైదరాబాదు వాళ్లు ‘కోనసీమ స్పెషల్ థాలీ’ తెప్పించుకున్నారు. పిన్ని తన పన్నీరు మండీ తింటూనే వాళ్ల పళ్లెం మీద ఓ కన్నేసి ఉంచింది. “ఆ రొయ్యల కూరలో కొబ్బరిపాలెక్కడున్నాయే? ఊరికే నూనె తేలుతోంది. మామిడికాయ పప్పులో ఆ పోపు చూడు, ఆవాలు చిటపటలాడకముందే దింపేశారు.” పిన్నికి తన పళ్లెం మీద మాత్రం ఏ ఫిర్యాదూ లేదు. మండీ ఎలా ఉండాలో ఆవిడకి తెలీదు కాబట్టి నచ్చేసింది. నేనూ హైదరాబాదులో కోనసీమ థాలీ తిన్నప్పుడు ఇలాగే మురిసిపోయి ఉంటాను.

రాత్రి ఇంట్లోనే. పిన్ని రెండు నిమిషాల్లో కొబ్బరన్నం, వంకాయ పచ్చిపులుసు చేసింది. దాని గురించి ఇక్కడ రాయకూడదు, ఇది హోటళ్ల కథ.

మూడో రోజు – యానాం, కాకినాడ

ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక. అక్కడ గోదారి పాయ గౌతమి మీద బాలయోగి పేరుతో ఉన్న వంతెన. లోక్‌సభ స్పీకరుగా ఉంటూ 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారాయన. పిన్ని కాపురానికొచ్చిన కొత్తలో ఇక్కడ పంటు పడవ మీదే దాటేవారట. వంతెన దాటితే యానాం, పుదుచ్చేరిలో భాగం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఊరు. ఆంధ్ర మధ్యలో ఆంధ్ర కాని ముక్క. వంతెన దిగగానే మద్యం కొట్లు వరసగా పలకరిస్తాయి.

కానీ మేం వచ్చింది పులస కోసం. సముద్రంలో ఉన్నన్నాళ్లూ అది మామూలు ఇలస. వరదనీరు సముద్రంలోకి పడే వేళకి గుడ్లు పెట్టడానికి గోదారికి ఎదురీదుతుంది. తీపినీళ్లలో ఈదిఈది ఒంటి ఉప్పు పోయి, కొవ్వు పట్టి, పులస అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాటి పైకి పోలేదు, కాబట్టి దాని వేట అంతా ఈ కింది పాయల్లోనే. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత. అది ఎవరి పుస్తెల గురించో ఆ సామెత కట్టినాయన చెప్పలేదు.

మార్కెట్లో మత్స్యకార ఆడవాళ్ల ముందు గంపల్లో వెండిలా మెరుస్తూ రెండు మూడు చేపలు. ధర వేలల్లోనే పలుకుతోంది. ఒకావిడ చేప పొట్ట నొక్కి చూపించి, చెన ఉందని చెప్పింది. పక్కావిడ గంపలో చేప కళ్లు కాస్త మసకబారి ఉన్నాయి. తమ్ముడు నా చెవిలో అన్నాడు: “ఐసులో వచ్చినవి కూడా ఉంటాయే, ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ. చూపుతో పట్టడం కష్టం.”

చేప కొని వండించుకునే ఓపిక లేక, ముందురోజే ఫోన్ చేసి చెప్పిన ఒక కొత్త హోటల్‌కి వెళ్లాం. పులస అక్కడ ముందు చెప్తేనే. మట్టిదాకలో, బెండకాయలూ వంకాయలూ నిలువునా వేసి, చింతపులుసు చిక్కగా, పైన వెన్న ముద్ద. రెండు ముక్కలు 2,400 రూపాయలు. ముళ్ల సంగతి తెలిసే తిన్నాను కాబట్టి మాటలు మానేసి తిన్నాను. చేప బావుంది, చాలా బావుంది. కానీ నేను ఊహించిన ఆ కొవ్వు, ఆ వెన్నలాంటి కరుగుడు ఉందా అంటే చెప్పలేను. మనసులో తమ్ముడు చెప్పిన ఒడిశా మాట మెదులుతూనే ఉంది. పులుసు మాత్రం సందేహం లేకుండా అద్భుతం. పక్కన పెట్టిన అన్నం చూశాను, పొట్టిగా, ముద్దగా, పులుసు పీల్చే రకం.

“స్వర్ణండి. పులుసులోకి బాస్మతి ఏం బావుంటదండి?”

ఆ వండినాయన్ని వాటేసుకోవాలనిపించింది. మిగిలిన ఒక ముక్కా పులుసూ డబ్బాలో పోసిచ్చాడు. “రేపు తినండి అమ్మా. పులస వండిన రోజు కాదు, మర్నాడు రుచి.” తమ్ముడు డబ్బా పట్టుకుని కారు వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు కూడా పెట్టాడు.

కాకినాడ చేరేసరికి సాయంత్రం. రాత్రి భోజనానికి సుబ్బయ్య గారి హోటల్. 1950ల నుంచీ ఉన్న పేరు, పూర్తి శాకాహారం. ఇప్పుడు హైదరాబాదులో వాళ్ల శాఖలున్నాయి, అక్కడా తిన్నాను, అయినా కాకినాడలో ఆకు ముందు కూర్చుంటే వేరు. వడ్డించేవాళ్లు ఆకులో చోటు కనిపిస్తే ఊరుకోరు. పప్పు, కూరలు, పచ్చళ్లు, పొడులు, పులిహోర, సాంబారు, మధ్యలో స్వీటు, ఆఖర్న గడ్డపెరుగు. చెయ్యి అడ్డం పెట్టినా “కొంచెమేనండీ” అని వేసేస్తారు. ఇక్కణ్నుంచి బుట్టలో పెట్టి పంపే భోజనం, ఇంటిల్లిపాదికీ సరిపోయే బుట్ట భోజనం, ఇప్పుడు చాలామంది చూసి చేస్తున్నారు. మధ్యాహ్నం పులస తిన్నాక నేను సగంలోనే చేతులెత్తేశాను. తమ్ముడు పూర్తి చేశాడు.

కోటయ్య కాజా తినకుండా కాకినాడ వదలడం కుదరదు. గొట్టం కాజా కొరికితే లోపలి పాకం చేతి మీదికి కారుతుంది. తెల్లచొక్కాతో తినేవాళ్లని చూస్తే నాకు భయం.

హోటల్ గదిలో ఫ్రిజ్ చిన్నది. పులస డబ్బా పెట్టడానికి వాళ్ల నీళ్ల సీసాలన్నీ బయటికి తీశాను.

నాలుగో రోజు – తాపేశ్వరం, పాలకొల్లు, భీమవరం

తాపేశ్వరంలో మడతకాజా కోసం ఆగాం. కాకినాడ కాజాలో పాకం లోపల దాక్కుంటుంది, ఇక్కడిది పొరలుపొరలుగా విడిపోతుంది. ఇది గొప్పదా అది గొప్పదా అని తూర్పుగోదావరిలో పెద్దల్ని అడిగితే మధ్యాహ్నం దాకా కదలనివ్వరు. చవితి దగ్గరపడటంతో మిఠాయి కొట్ల వెనక లడ్డూ బూందీ గుట్టలు పోశారు. ఖైరతాబాద్ గణపతికి కొన్నేళ్లు ఇక్కణ్నుంచే భారీ లడ్డూ వెళ్లింది. మా కారుకి అడ్డంగా వచ్చిన మినీ వ్యాన్‌లో ఏదో ఊరి వినాయకుడి లడ్డూ తాడు కట్టుకుని కూర్చుంది.

సిద్ధాంతం దగ్గర గోదారి ఇంకో పాయ వశిష్ఠ దాటి మార్టేరు మీదుగా పాలకొల్లు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం బోర్డు కనిపించగానే తమ్ముడు కారు నెమ్మది చేశాడు. “దిగవే, నీ గుడి.” యానాంలో పులుసులోకి తిన్న స్వర్ణ, ఎంటీయూ 7029, ఇక్కడ పుట్టిన విత్తనమే. దిగలేదు గానీ కిటికీలోంచి దణ్ణం పెట్టాను. వాడు నవ్వాడు.

పాలకొల్లులో క్షీరారామం గోపురం నీడ దాటాక సినిమా హాలు పక్క క్యాంటీన్‌లో దిబ్బరొట్టి. మినప్పిండి మందంగా పోసి, మూత పెట్టి, సన్నసెగ మీద కాల్చింది. పైన ఎర్రగా పెళుసు, లోపల దూది. కట్ చేసి నాలుగు ముక్కలు చేసి ఇచ్చారు. ఈ మధ్య హైదరాబాదు హోటళ్లలో దిబ్బరొట్టి పేరుతో ఊతప్పం ఇస్తున్నారు, దాని గురించి ఏమనాలో నాకు తెలీదు.

భీమవరం దారిలో రోడ్డుకి రెండు పక్కలా చెరువులు, వాటిలో నీళ్లు చిమ్మే ఏరేటర్లు. ఈ పట్టణంలో డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పనక్కర్లేదు. చెరువు రొయ్యల్లో ఎక్కువ భాగం వనామీ, ఎగుమతికి పోతుంది. మధ్యాహ్నం కొత్తగా పెట్టిన ఒక కుటుంబ రెస్టారెంటులో అడిగితే, రెండు రకాలు ఉన్నాయన్నారు: చెరువు రొయ్య, గోదారి నీలకంఠ. నీలకంఠది తల పెద్దది, కొవ్వు అందులోనే ఉంటుంది. ఇగురు తెప్పించాం. గసగసాలూ కొబ్బరీ నూరిన మసాలా, మరీ కారం కాదు. తల విరిచి పీలిస్తే పక్క బల్లవాళ్లు చూస్తారేమో అనుకున్నాను. అందరూ అదే పనిలో ఉన్నారు.

కోడి పులావు కూడా చెప్పాం, పరీక్షగా. గిన్నె మూత తీస్తే చిన్న గింజ, ఒక్కోటీ విడివిడిగా ఉన్నా మెత్తగా. ఏం బియ్యమని అడగకముందే ఓనరు గారే వచ్చి చెప్పారు: “చిట్టిముత్యాలండి. బాస్మతి వేస్తే మా ఊళ్లో రాజులు తినరండి, ఆయ్.”

రెండోసారి వేయించుకున్నాను.

సాయంత్రం భీమవరం టౌన్ స్టేషన్‌లో తమ్ముడు దించి, ఒక సీసా నీళ్లూ, రెస్టారెంటు నుంచి అడిగి తెచ్చిన తెల్లన్నం పొట్లమూ చేతిలో పెట్టి వెళ్లాడు. రైలు కదిలాక బోగీలో అందరూ పొట్లాలు విప్పుతున్నప్పుడు నేనూ డబ్బా మూత తీశాను. పులుసు నిన్నటి కంటే చిక్కబడింది, వంకాయ కరిగిపోయింది. చేప ముక్క పులుపు పీల్చి నల్లబడింది. యానాంలో వండినాయన మాట నిజం. మర్నాడే దాని రుచి. కళ్లు మూసుకుని రెండు ముద్దలు తిన్నాను.

ఎదురు సీటు పెద్దాయన పేపరు దించారు.

“పులసా అండీ?”

“అవునండీ, యానాంలో.”

“ముక్క ఎంత పడిందండి?”

“పన్నెండొందలు.”

ఆయన కాసేపు కిటికీలోంచి చూశారు. మళ్లీ పేపరు ఎత్తుతూ, నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లగా అన్నారు:

“అయితే ఒడిశాదయ్యుంటుందండి. మనదైతే ఆ రేటుకి ముల్లు కూడా రాదు.”